దోనెలో మిగిలిన తండ్రి: సువార్త కథనాల పఠనంలో ఒక నైతిక ప్రశ్న

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రూపొందిన నాలుగు సువార్తలను నేటి తెలుగు పాఠకుడు ఏ దృష్టితో చదవాలి అన్నది విశ్వాసులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. విశ్వాసి వాటిలో ఉపదేశాన్ని వెతుకుతాడు. విశ్వాసం లేనివాడు చారిత్రక వాస్తవాన్ని వెతికి, నాలుగు కథనాలూ ఒకదానితో ఒకటి పొసగడం లేదని పుస్తకం పక్కన పెడతాడు. దారులు వేరైనా, కథనాన్ని కథనంగా చదవకుండా దాటిపోవడంలో ఇద్దరూ ఒకటే. కథలో ఎవరు మాట్లాడారు, ఎవరికి మాట లేదు, ఎవరిని ఎక్కడ వదిలి కథ ముందుకు నడిచింది అనే ప్రశ్నలు సాహిత్య విద్యార్థికి అలవాటైనవి. సువార్తల దగ్గర అవి నైతిక ప్రశ్నలుగా మారతాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇందుకు ఒక చిన్న ఘట్టాన్నే తీసుకుంటున్నాను: గలిలయ సముద్ర తీరాన యేసు నలుగురు జాలరులను పిలవడం. ఆ తీరంలో పిలుపు అందని మనిషి ఒకడున్నాడు. అతడు యాకోబు, యోహానుల తండ్రి జెబెదయి. మార్కు కథనం ప్రకారం కొడుకులు వెళ్లిపోయాక అతడు దోనెలో మిగిలాడు.

విశాఖపట్నం, 'జాలరి' అనే మాట

ఈ ఘట్టాన్ని విశాఖపట్నం నుంచి చదవడానికి ఒక చారిత్రక కారణం ఉంది. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలో చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు సహకారంతో సువార్తల అనువాదం చేపట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. తెలుగు గద్య వికాసాన్ని చర్చించేటప్పుడు మన సాహిత్య చరిత్రకారులు ఈ అనువాదాలను ఒకటి రెండు వాక్యాలలో తలచుకుంటారు. మిషనరీల పేర్లకు దొరికిన ఆ కొద్ది చోటు కూడా ఆనందరాయరుకు అరుదుగానే దక్కింది.

నేడు ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో సీమోను, అంద్రెయలు 'జాలరులు'. గ్రీకు మూలంలోని 'హలియైస్' సముద్రం మీద బతికేవారిని చెప్పే వృత్తి వాచకం. తెలుగులో 'జాలరి' వల అనే అర్థం గల 'జాలం' నుంచి వచ్చిన మాట కనుక అనువాదం సరైనదే. కానీ ఉత్తరాంధ్ర తీరంలో జాలరి వృత్తి పేరు మాత్రమే కాదు, కులం పేరు కూడా. వాడబలిజలతో పాటు జాలరులు వెనుకబడిన తరగతుల 'ఎ' గ్రూపు జాబితాలో ఉన్నారు. విశాఖలో జాలరిపేటలు ఉన్నాయి. పాలస్తీనాలోని జాలరి వల విడిస్తే వృత్తిని విడిచినట్టు. మన తీరంలో వల విడిచినంత మాత్రాన జాలరి పేరు పోదు. పెళ్లి సంబంధంలోనూ, బడి రిజిస్టరులోనూ అది వెంట వస్తుంది. ఈ తేడాను అనువాద లోపంగా లెక్కించనక్కర లేదు. పాఠకుడు తన ఊరి మాటతో కథలోకి ప్రవేశించినప్పుడు విడవడం అనే క్రియ బరువు మారుతుందని గుర్తిస్తే చాలు.

నాలుగు కథనాలు, ఒక తండ్రి

మార్కు (1:16–20) కథనం చాలా క్లుప్తం. సీమోను, అంద్రెయలు వల వేస్తున్నారు, యేసు పిలిచాడు, వలలు విడిచి వెళ్లారు. కొంచెం ముందుకు వెళ్లాక యాకోబు, యోహానులు దోనెలో వలలు బాగుచేసుకుంటూ కనిపించారు. వారినీ పిలిచాడు. వారు తండ్రి జెబెదయిని జీతగాండ్రతో పాటు దోనెలో విడిచి వెళ్లారు. ఇదే ఘట్టాన్ని మత్తయి (4:18–22) దాదాపు అదే వరుసలో చెబుతూ జీతగాండ్రను వదిలేశాడు. అక్కడ కొడుకులు విడిచింది దోనెను, తండ్రిని. లూకా (5:1–11) ఈ పిలుపును విస్తారమైన చేపల పట్టు కథగా మలిచాడు. అందులో జెబెదయి కొడుకులు సీమోనుకు పాలివారు. అందరూ అన్నీ విడిచి వెళ్లారు. కానీ తండ్రిని విడిచిన మాట లేదు. జెబెదయి పేరు అక్కడ కొడుకులకు ఇంటిగుర్తుగా మాత్రమే వస్తుంది. యోహాను (1:35–42) చెప్పిన తొలి పరిచయంలో సముద్రమే లేదు. అంద్రెయ అక్కడ బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యుడు. అతడే తన సోదరుడు సీమోనును వెంటబెట్టుకుని వస్తాడు.

వీటిలో ఏది ముందు అన్న చర్చ పాతది. మార్కు మత్తయిని సంక్షేపించాడని 4వ, 5వ శతాబ్దాల నాటి అగస్టీను భావించాడు. 1776లో గ్రీస్‌బాఖ్ మొదటి మూడు సువార్తలను పక్కపక్క గడులలో అచ్చు వేసిన తర్వాత పోలికలు, తేడాలు కంటికి కట్టినట్టు కనిపించసాగాయి. మార్కు సువార్తే మొదటిదని, అది సుమారు క్రీ.శ. 70 ప్రాంతానిదని నేటి పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. ఇక్కడ మన ప్రశ్నకు ఆ వివాదం తేలనక్కర లేదు. మార్కు మొదటివాడైతే, మత్తయి జీతగాండ్రను తొలగించి తండ్రిని ఒంటరిని చేశాడు. పిలుపు మరింత కఠినమైంది. మత్తయి మొదటివాడైతే, మార్కు జీతగాండ్రను చేర్చి తండ్రికి ఆసరా కల్పించాడు. ఏ దిక్కు నుంచి చూసినా, ఒక సువార్తికుడు దోనెలో మిగిలిన మనిషి వైపు చూశాడు. ఆ చూపు ఫలితంగానే పాఠం మారింది. కనుక జెబెదయి గురించి అడగడం ఆధునిక పాఠకుడి చాపల్యం కాదు. తొలి తరం కథకులలోనే ఆ ఇబ్బంది ఉంది.

జీతగాండ్ర గురించి ఒక మాట. యోహాను సువార్త 10వ అధ్యాయంలో తోడేలు వచ్చినప్పుడు గొర్రెలను విడిచి పారిపోయేవాడూ జీతగాడే. గ్రీకులోనూ రెండు చోట్లా ఒకే పదం, 'మిస్థోతోస్'. మార్కులో మాత్రం జీతగాండ్రు ఎక్కడికీ పోలేదు. దోనెలో ఉన్నది వారే, వెళ్లింది కొడుకులు. ఈ రెండు కథనాలను కలిపి ఒక సిద్ధాంతం చేయడం నా ఉద్దేశం కాదు, అవి వేర్వేరు రచయితలవి. అయితే పాలేరుతనం, జీతగాడితనం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఆ తేడా కంటపడకుండా ఉండదు.

కలిపి చెప్పడంలో పోయేది

తేడాలను చెరిపి ఒకే కథ చేయాలన్న కోరిక సువార్తలంత పాతది. సుమారు క్రీ.శ. 170లో తతియాను నాలుగింటినీ కలిపి 'దియాతెస్సరోన్' కూర్చాడు. సిరియా సంఘాలలో అది ఎంతగా పాతుకుపోయిందంటే, 5వ శతాబ్దంలో తెయొదొరెతు అనే బిషప్పు తన పరిధిలో రెండు వందలకు పైగా ప్రతులను తీయించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలను పెట్టించవలసి వచ్చింది. సంఘం చివరికి ఒక నున్నని కథకన్నా నాలుగు పొసగని కథలనే ఎంచుకుంది. ఈ ఎంపికకు తగినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

తెలుగులో యేసు కథ ప్రజల మనసులో నిలిచింది కూడా ఇలాంటి కలిపిన రూపంలోనే. గుర్రం జాషువ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1978లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ నటించిన 'కరుణామయుడు' ఊరూరా తెర మీద ఆడింది. కావ్యానికైనా చలనచిత్రానికైనా ఒక ఆది, ఒక అంతం, ఒక ఎడతెగని నడక కావాలి. దానికి తప్పు పట్టలేము. రామాయణాన్ని అనేక రూపాలలో చదువుకున్న మనకు సువార్తలను కూడా నాలుగు కథనాలుగా స్వీకరించడం తేలిక కావాలి. కానీ ఒక భేదం గమనించాలి. భాస్కర రామాయణాన్ని, మొల్ల రామాయణాన్ని మనం ఒకే సంపుటంగా కుట్టి, రెండూ ఒకే అధికారం గలవని అనము. ఏది నచ్చితే అది చదువుతాము. నాలుగు సువార్తలు మాత్రం ఒకే అట్టలో, ఒకే అధికారంతో, ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. పాఠకుడు ఒకటి ఎంచుకుని మిగతా మూడింటిని మరవలేడు. మత్తయి ఒంటరిగా వదిలిన తండ్రి పక్కన మార్కు పెట్టిన కూలివాళ్లను అతడు మళ్లీ మళ్లీ చూడవలసిందే.

ప్రశ్న బయటిదా, లోపలిదా

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. దేవుని రాజ్యం సమీపించిందన్న ప్రకటన వెంటనే వచ్చే ఘట్టం ఇది. కాలం దగ్గరపడిందని నమ్మిన వారి కథలో వెనక మిగిలిన తండ్రి పోషణ గురించి అడగడం ఆ కథ స్వభావాన్నే తప్పుగా అర్థం చేసుకోవడం కాదా? పైగా దోనె, జీతగాండ్రు ఉన్నవాడు నిరుపేద కాడు కదా?

రెండవ దానికి జవాబు చిన్నది. జీతగాండ్రతో పని సాగుతుంది. కొడుకుల చోటు పని ఒక్కటే కాదు.

మొదటి దానికి మార్కునే అడగాలి. 7వ అధ్యాయంలో యేసు పరిసయ్యులతో వాదిస్తూ కొర్బాను ఆచారాన్ని ఖండిస్తాడు. తలిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని ప్రకటించి, వారికి ఏమీ చేయకుండా తప్పించుకునే పద్ధతి అది. దేవుని పేరుతో తలిదండ్రులను వదలడం దేవుని ఆజ్ఞను రద్దు చేయడమేనని అక్కడ యేసు వాదన. తండ్రిని దోనెలో విడిచి వెళ్లినవారు ఆ మాటలు పలికినప్పుడు ఆయన శిష్యులుగా ఉన్నారు. ఒకే సువార్త ఈ రెండు ఘట్టాలనూ ఆరు అధ్యాయాల దూరంలో పెట్టి, వాటి మధ్య ఏ వంతెనా కట్టలేదు. వ్యాఖ్యాతలు ఆ వంతెన కట్టడానికి తొందరపడ్డారు. ఒకటి స్వార్థంతో చేసిన వదలడం, రెండవది పిలుపు వల్ల జరిగిన వదలడం అని విభజిస్తే సమస్య తీరినట్టే ఉంటుంది. కాని కొర్బాను చెప్పేవాడు కూడా తనది స్వార్థమని ఒప్పుకోడు. అతడి నోట వచ్చే మాట కూడా దేవుని పేరే. ఉద్దేశం ఎలాంటిదో వెళ్లేవాడు చెబుతాడు. విడవబడినవాడికి కనిపించేది ఖాళీ చోటు ఒక్కటే.

10వ అధ్యాయంలో ఇంకొక సూక్ష్మమైన విషయం ఉంది. తాము సమస్తం విడిచామని పేతురు గుర్తు చేసినప్పుడు, విడిచిన దానికి నూరంతలు దొరుకుతుందని యేసు బదులిస్తాడు. విడిచినవాటి జాబితాలో ఇల్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లి, తండ్రి, పిల్లలు, భూములు ఉన్నాయి. దొరికేవాటి జాబితాలో అన్నీ తిరిగి వస్తాయి, తండ్రి తప్ప. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో ఇది మరీ స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి జాబితాలోని 'తలిదండ్రులు' అనే ద్వంద్వ సమాసం రెండవ జాబితాలో విరిగి 'తల్లులు' మాత్రమే మిగులుతారు. 3వ అధ్యాయం చివర తన నిజమైన బంధువులెవరో యేసు చెప్పినప్పుడూ సోదరుడు, సోదరి, తల్లి ఉన్నారు, తండ్రి లేడు. కొత్త సమాజంలో తండ్రి స్థానం దేవునిదే కనుక, లేదా కుటుంబ పెద్ద పెత్తనానికి అందులో చోటు లేదు కనుక ఆ మాట తొలగిందని వ్యాఖ్యానిస్తారు. రెండూ ఆలోచించదగినవే. పెత్తనం పోవడం మేలే. కానీ మార్కులో మనకు పేరుతో పరిచయమైన విడవబడిన తండ్రి పెత్తనం చేస్తూ కనిపించలేదు. వలలు బాగుచేసుకుంటున్న కొడుకుల పక్కన దోనెలో కూర్చుని కనిపించాడు.

కౌశికుడి ఇల్లు

తెలుగు సాహిత్యం చదువుకున్నవారికి ఇక్కడ ధర్మవ్యాధుని కథ గుర్తు రాక మానదు. అరణ్యపర్వంలో ఎర్రన తెనిగించిన భాగంలో వచ్చే ఆ కథలో కౌశికుడు వృద్ధులైన తలిదండ్రులను విడిచి వేదాధ్యయనానికి వెళ్లిన బ్రాహ్మణుడు. మిథిలలో మాంసం అమ్ముకుని జీవించే వ్యాధుడు అతడికి ధర్మం బోధిస్తాడు. తన తలిదండ్రులకు చేసే సేవను చూపించి, నీ కోసం ఏడ్చి నీ తలిదండ్రులు గుడ్డివారయ్యారు, వెళ్లి వారిని సేవించు అంటాడు. కౌశికుడు తిరిగి వెళతాడు.

ఈ తీర్పును తెచ్చి మార్కు మీద మోపడం తేలిక, అన్యాయం కూడా. కౌశికుడు తన విద్య కోసం తానే బయలుదేరాడు. జెబెదయి కొడుకులు మరొకరు పిలిస్తే వెళ్లారు. వ్యాధుడి కథలో కులంలో కింద ఉన్నవాడు పైవాడికి గురువయ్యాడు, అయినా అందరూ ఎవరి చోటికి వారు చేరుకున్నారు. మార్కు కథలో జాలరి తన చోటును దాటిపోయాడు. చోటు దాటే అవకాశం లేని సమాజంలో పుట్టినవారికి ఆ రెండవ కథ ఎందుకంత ఆకర్షణీయమైందో వేరే చెప్పనక్కర లేదు. ఆంధ్ర దేశంలో సువార్తలను దళితులు తమవిగా చేసుకోవడం వెనక ఈ దాటడం కూడా ఉంది. కనుక వ్యాధుడి కథ నుంచి మనం తీసుకోదగింది తీర్పును కాదు, కథన పద్ధతిని. వెళ్లినవాడి కథ చెబుతూ ఆ కథకుడు విడవబడినవారి ఇంటి లోపల ఏం జరిగిందో ఒక పాత్ర నోట చెప్పించాడు. మార్కు చెప్పించలేదు. ఆ పని పాఠకుడికి మిగిలింది.

మిగిలిన ఆ పనిని నేటి పాఠకుడు ఎక్కడి నుంచి చేయాలి? ఉత్తరాంధ్ర తీరం నుంచి చేస్తే కథ తలకిందులవుతుంది. ఇక్కడ జాలరి కొడుకులే జీతగాండ్రై ఇతరుల మరపడవలలో పని చేయడానికి గుజరాత్‌లోని వేరావల్ వెళుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లి సముద్రం మీద పాకిస్తాన్‌కు పట్టుబడిన ఆంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ పద్నాలుగు నెలలు వారి ఇళ్లు ఎలా నడిచి ఉంటాయో ఊహించగల పాఠకుడు, మార్కు మొదటి అధ్యాయాన్ని త్యాగకథగా మాత్రమే చదవలేడు. అలాగే ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు, అన్నీ విడవడం అనే లూకా మాటలో కర్త ఎవరన్నది మొదటి ప్రశ్న అవుతుంది. విడిచినవారు వేరు, విడిపించబడినవారు వేరు. వేదిక మీద ఈ వచనాన్ని ఉపదేశించేవారు ఆ తేడాను పాటించకపోతే, పేదవాడి నష్టానికి భక్తి అని పేరు పెట్టినట్టే.

మరొక వైపు కూడా చూడాలి. పిలుపు విని వెళ్లినవారిని తలిదండ్రుల కన్నీళ్లతో మాత్రమే కొలిస్తే లోకంలో ఏ న్యాయపోరాటమూ మొదలు కాదు. 1967–70 నాటి శ్రీకాకుళ గిరిజన ఉద్యమంలో బడిపంతులు ఉద్యోగాలు విడిచి వెళ్లిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో హతులయ్యారు. ఆ మార్గాన్ని అంగీకరించినా, అంగీకరించకపోయినా, వారు విన్న పిలుపు నిజమైనదేనని ఈ ప్రాంతపు సాహిత్యం చాలాకాలంగా గుర్తిస్తూ వచ్చింది. మార్కును చదివే పాఠకుడు కూడా పిలుపు నిజాన్ని తగ్గించనక్కర లేదు. జెబెదయిని బాధితుడిగా, కొడుకులను నేరస్తులుగా చిత్రించడం పాఠంలో లేని మరొక కథ రాయడమే. నా వాదన అంతకన్నా పరిమితమైనది. పిలుపు న్యాయమైనదైనంత మాత్రాన, దాని వెల చెల్లించినవారు వెళ్లినవారొక్కరే అని కథ చదివేవాడు అనుకోకూడదు. మార్కు రాసిన వాక్యంలోనే ఆ వెల ఇద్దరి మధ్య పంచబడి ఉంది. 'తండ్రి', 'జీతగాండ్రు' అనే రెండు మాటలను వ్యాఖ్యానం లేకుండా అక్కడ ఉంచినందుకు ఆ కథకుడి మీద గౌరవం కలుగుతుంది.

నిజానికి మార్కులో విడవడం కూడా మనం అనుకున్నంత సంపూర్ణం కాదు. వలలు విడిచిన వెంటనే నలుగురూ యేసుతో కలిసి సీమోను ఇంటికే వెళతారు. జ్వరంతో పడుకున్న అతడి అత్త అక్కడ స్వస్థత పొందుతుంది (1:29–31). తర్వాత కూడా ఒక దోనె ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది (3:9, 4:1). ఇల్లు ఉంది, అత్త ఉంది, దోనె ఉంది. జెబెదయి కొడుకులు తండ్రిని మళ్లీ చూశారా అన్నది మాత్రం కథలో లేదు. మత్తయిలో వారి తల్లి కొడుకులకు పదవులు అడగడానికి ఒకసారి (20:20), సిలువ దగ్గర ఒకసారి (27:56) కనిపిస్తుంది. రెండు చోట్లా ఆమెకు గుర్తింపు జెబెదయి కుమారుల తల్లి అనే. తల్లి కూడా వెంట నడిచిందంటే తీరంలో మిగిలింది తండ్రి ఒక్కడే.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో అంతా అయిపోయాక, యేసు మరణించి లేచాక, పేతురు చేపలు పట్టడానికి వెళతానంటాడు. వెంట వెళ్లినవారిలో జెబెదయి కుమారులున్నారు. వారి పేర్లు అక్కడ లేవు. తండ్రి పేరుతోనే వారిని చెప్పాడు కథకుడు. రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు. వారు ఎక్కింది ఎవరి దోనెనో యోహాను రాయలేదు.